కోళ్ళ మీద కుక్కలు పడితే: మా ఊరి అనుభవం

(సంఘం గ్రామ శాఖల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎజెండాలో మిర్చి ధర ఉంది, కౌలు కార్డులు ఉన్నాయి, యూరియా ఉంది. వాటి మధ్యలో 'పెరటి కోళ్ళు' అని రాయించినందుకు పొద్దున టీ తాగేటప్పుడు కొంతమంది నవ్వారు. నవ్వనివ్వండి. రెండేళ్ళ క్రితం అయితే మేమూ నవ్వేవాళ్ళమే. మా ఇంట్లో కోళ్ళ లెక్క మా ఇంటావిడది. ఎన్ని పెట్టలున్నాయి, ఎన్ని పొదుగుతున్నాయి, ఏ పుంజు ఎవరికి ఎంతకు పోయింది, మమ్మల్ని అడిగితే చెప్పలేకపోయేవాళ్ళం. మిర్చి డబ్బు ఏడాదికొకసారి వస్తుంది, వచ్చిన రోజే సగం మందుల కొట్టుకు పోతుంది. పిల్లల పుస్తకాలు, కరెంటు బిల్లు, ముసలమ్మ బీపీ బిళ్ళలు మాత్రం వారం వారం ఎట్లా నడుస్తున్నాయని మేం ఎప్పుడూ అడగలేదు. అవి కోళ్ళ మీద, గుడ్ల మీద నడిచాయి. అది కుక్కలు పడిన తర్వాతగానీ మాకు తెలియలేదు.

మాది పల్నాడులో మెట్ట ఊరు. అది మాఘమాసం, మిర్చి కోతలు. కూలీలు దొరకరు గనక చీకటితోనే ఇంటిల్లిపాదీ చేలోకి పోవాలి. ఆ రోజు ఐదింటికే గంపలెత్తి కోళ్ళను వదిలేసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయాం. ఏడు గంటలకు పక్కింటి పిల్లవాడు సైకిల్ మీద పరుగున వచ్చాడు. మేం వచ్చేసరికి పెరడంతా ఈకలు. 23 పెద్ద కోళ్ళలో 9 చచ్చి పడున్నాయి. నాలుగు దెబ్బతిన్నాయి. రెండు కనిపించలేదు. మూడు కుక్కలట. రెండు ఊరకుక్కలు, ఒకటి మా పక్కింటి వాళ్ళది. ఒక్క కోడినీ తినలేదు. కుక్క ఆకలికే కోడిని చంపుతుందనుకుంటాం గానీ, కోడి రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తితే దానికి తరమబుద్ధి అవుతుంది. ఒకటి చచ్చాక ఇంకొకటి పరిగెడుతుంది, దాని మీద పడుతుంది. అందుకే అన్నం తిన్న పెంపుడు కుక్క కూడా ఈ పని చేస్తుంది.

మొత్తం పెరట్లో దెబ్బ తగలనిది ఒక పిల్లల కోడి, దాని ఎనిమిది పిల్లలు. అది గంప కిందే ఉంది, గంప మీద రుబ్బురోలు పొత్రం ఉంది. కుక్కలు గంప చుట్టూ గోకిన గుర్తులు ఉన్నాయి గానీ దొర్లించలేకపోయాయి.

ఆ రోజు మేం చేసిన తప్పులు చెబుతాం, సిగ్గేమీ లేదు. చచ్చిన కోళ్ళను గోతాంలో వేసుకెళ్ళి చెరువు కట్ట కింద పారేశాం. సాయంత్రానికి అవే కుక్కలు అక్కడ తిన్నాయి. మర్నాడు తెల్లవారుజామున మళ్ళీ మా దడి దగ్గర నిలబడ్డాయి. చంపితే తిండి దొరుకుతుందని మేమే నేర్పించినట్టయింది. చచ్చిన కోడిని బయట పారేయకూడదు, కుక్క కరిచిన కోడిని కూర వండుకోనూ కూడదు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి, పైన కంప, రాళ్ళు వేసి పూడ్చాలి.

రెండో తప్పు, పక్కింటి వాళ్ళ మీదికి పోవడం. పల్నాటి యుద్ధమే కోడిపందెం దగ్గర మొదలైందంటారు, కాబట్టి మన వైపు కోడి దగ్గర గొడవలు కొత్త కాదు. మాటా మాటా పెరిగింది. వాళ్ళు "మా కుక్క కాదు" అన్నారు. ఇరవై ఏళ్ళుగా గేదె ఈనితే జున్నుపాలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు మావి. నెల రోజులు మాటల్లేవు.

మూడోది తప్పు కాబోయి ఆగింది. మాలో ఒకాయన గుళిక మందు తెచ్చి మాంసంలో కలిపి పెడదామన్నాడు. ఆ రాత్రి మాక్కూడా అది న్యాయంగానే అనిపించింది. ఆపింది మా ఇంటావిడ. "కుక్క తినకముందు కోడి పొడిస్తే? కాకి ఎత్తుకుపోయి దూడ కుడితిలో పడేస్తే?" అంది. చట్టం సంగతి మాకు తర్వాత తెలిసింది. కుక్కకు విషం పెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. జంతువును చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా జైలు ఉంది. తొమ్మిది కోళ్ళ కోసం కోర్టుకు తిరిగే తీరిక మనకు లేదు. పైగా ఉన్న కుక్కలు చస్తే, తిండి కుప్పలు అక్కడే ఉన్నప్పుడు పక్క ఊరి కుక్కలు వస్తాయి.

అన్నిటికంటే పెద్ద తప్పు నాలుగోది. దెబ్బతిన్న నాలుగింటిలో ఒకటి చచ్చింది, కనిపించని రెండూ మర్నాడు వామి చాటు నుంచి వచ్చాయి. అంటే 13 మిగిలాయి. పెరడు బోసిగా ఉందని పది రోజులు తిరక్కుండా సంతకు పోయి ఎనిమిది కోళ్ళు కొనుక్కొచ్చి నేరుగా మందలో కలిపేశాం. వారానికి ఒకటి కునుకు పట్టింది. తర్వాత పచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడలు మెలితిరగడం. కొక్కెర తెగులు! 21 కోళ్ళలో నాలుగు మిగిలాయి. పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు. లెక్క చూడండి. కుక్కలు చంపింది పది. మా తొందర చంపింది పదిహేడు, పిల్లలు కాక. కోడి 500 చొప్పున వేసుకున్నా 13 వేల పైమాటే. పంట పోతే ఎన్యుమరేషన్ అంటారు. ఈ పదమూడు వేలు ఏ రిజిస్టరులోనూ లేవు.

ఇప్పుడు, కుక్కలు పడిన రోజు ఏం చేయాలో చెబుతాం. మా మండల పశువైద్యశాలలో చెప్పింది, మేం చేసి చూసింది కలిపి చెబుతున్నాం.

ముందు మనుషుల సంగతి. కోడిని విడిపించబోయి చేయి కరిపించుకున్న వాళ్ళు మా ఊళ్ళోనే ఇద్దరున్నారు. కుక్క పన్ను గీరుకున్నా సరే, ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి సూది వేయించుకోవాలి. మొదటి సూదితో ఆపకూడదు, చెప్పిన అన్ని రోజులకూ పోవాలి. కోడికి కట్టు కట్టేది తర్వాత.

దెబ్బ తగిలిన కోడి సగం భయంతోనే చస్తుంది. దాన్ని చుట్టూ చేరి చూడకండి. గంపలో గడ్డి వేసి, పైన గోనె కప్పి, చీకటిగా, వెచ్చగా ఉండేచోట పెట్టండి. నీళ్ళలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి దగ్గర పెట్టండి, నోట్లో పోయవద్దు. కొంచెం కుదుటపడ్డాక ఈకలు తప్పించి వెతకాలి. కుక్క పన్ను గాటు పైకి చిన్నదిగా ఉంటుంది, లోపల లోతు ఉంటుంది. మేం వీపు మీద గాయం చూసి తుడిచాం, రెక్క కింద రంధ్రం చూడలేదు. మూడో రోజుకు అందులో పురుగులు పడ్డాయి. చచ్చిన ఆ ఒక్కటీ అట్లానే చచ్చింది. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్ళతో కడిగి, అయోడిన్ మందు రాసి, ఈగ వాలని చోట ఉంచాలి. లోతు గాయమైతే పశువుల డాక్టరుకు చూపించండి. కోడికి కూడా డాక్టరా అంటారు. ఆ గుమ్మం ఎక్కే హక్కు గేదెకు ఎంత ఉందో కోడికీ అంతే ఉంది. మానేదాకా మందలో కలపొద్దు, ఎర్రగా కనిపిస్తే తోటి కోళ్ళే పొడిచి చంపుతాయి. మిగిలిన పెట్టలు రెండు మూడు వారాలు గుడ్లు మానేస్తాయి. గొడ్డుపోయాయని అమ్ముకోకండి, మళ్ళీ పెడతాయి.

గూడు విషయం. మా పాత గూటికి కోళ్ళ జాలి కొట్టి ధైర్యంగా ఉన్నాం. ఆ సన్న జాలి కోడి బయటికి పోకుండా ఆపుతుంది, కుక్క లోపలికి రాకుండా ఆపదు, పళ్ళతో చింపేస్తుంది. ఇప్పుడు వెల్డింగ్ జాలి వేశాం. నేల మీద కాకుండా మూడడుగుల ఎత్తున రాతి కూసాల మీద వెదురు బద్దలతో గూడు కట్టాం, రెట్ట కిందికి పడిపోతుంది, ఎరువుకు పనికొస్తుంది. నేల మీదే కట్టుకునేవాళ్ళు జాలిని గోడతో ఆపకుండా బయటివైపు నేల మీద అడుగున్నర పరిచి రాళ్ళు పెట్టండి. కుక్క గోడ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న తెలివి దానికి రాదు. తలుపుకు తాడు కాదు, గడియ ఉండాలి. పెరట్లో రెండుచోట్ల కంప కుప్పలు వేశాం, కోడి దూరేంత సందు, కుక్క దూరనంత ముళ్ళు. పగలు గద్ద వచ్చినా అవే దిక్కు. వనరాజా కోళ్ళు పెంచేవాళ్ళు ఇది తప్పక చేయాలి. అవి మన నాటు పెట్టలకంటే బరువు, చెట్టెక్కి తప్పించుకోలేవు. మా ఇంట్లో మొదటి రోజు చచ్చిన తొమ్మిదిలో నాలుగు అవే.

ఖర్చు లేని జాగ్రత్త ఇంకొకటుంది. కుక్కలు గుంపుగా తిరిగేది తెల్లవారుజామున, మునిమాపున. పొద్దెక్కి, ఇంట్లో ఒక మనిషి ఉన్నప్పుడే కోళ్ళను వదలండి. కోతల రోజుల్లో కుదరకపోతే గూట్లోనే గింజలు, నీళ్ళు పెట్టి పోండి. ఒక పూట తిరక్కపోతే కోడికి ఏమీ కాదు.

ఇక ఊరి సంగతి. మా ఊరి బస్టాండు దగ్గర రెండు చికెన్ కొట్లున్నాయి. వాళ్ళ పేగులు, ఈకలు, తలకాయలు రోడ్డు పక్క గుంటలో పోసేవాళ్ళు. ఊరి చివర కోళ్ళ ఫారం వాళ్ళు చచ్చిన కోళ్ళను కూడా అక్కడే పడేసేవాళ్ళు. కోడి వాసన, కోడి రుచి కుక్కలకు రోజూ నేర్పే బడి అది. మేం మహిళా సంఘాల వాళ్ళతో కలిసి గ్రామసభలో కాగితం ఇచ్చాం. చెత్త గుంటలో పూడ్చాలని తీర్మానం అయింది. కొట్ల వాళ్ళు చాలావరకు వింటున్నారు. ఫారం ఆయన ఇంకా రాత్రిపూట పడేసి పోతూనే ఉన్నాడు, మళ్ళీ పోతాం ఆయన దగ్గరికి. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి తెచ్చిన చోటే వదిలే బాధ్యత స్థానిక సంస్థలది. మా ఊళ్ళో ఇప్పటిదాకా ఒక్క కుక్కకు కూడా చేయలేదు. పంచాయతీని అడిగితే డబ్బు లేదంటుంది, పైవాళ్ళను అడిగితే పంచాయతీని అడగమంటారు. ఒక్కో ఊరు కాదు, మండలంలోని శాఖలన్నీ కలిసి ఒకేరోజు అర్జీ ఇస్తే తప్ప ఇది కదలదు. ఆ అర్జీ ముసాయిదా ఇవాళ మీ ముందు పెడుతున్నాం.

పక్కింటి వాళ్ళ మాట చెప్పలేదు గదా. నెల తర్వాత ఆ ఇంటి ముసలమ్మ తానే ఒక పొదుగు పెట్టను, పదకొండు గుడ్లను గంపలో పెట్టి తెచ్చింది. "కుక్క మాదే. ఆరోజు మూతికి ఈకలు చూశాను" అంది. ఇప్పుడు వాళ్ళు పొద్దెక్కేదాకా కుక్కను కట్టేస్తారు. ఈసారి ఆ పెట్టను మందకు దూరంగా, పడమటి వసారాలో పొదిగించాం. 21 రోజులకు తొమ్మిది పిల్లలు లేచాయి. ఆరో నెలకు గుడ్లకొచ్చాయి. ఇప్పుడు మా పెరట్లో 26 కోళ్ళున్నాయి, సంతలో కొన్నది ఒక్కటీ లేదు. కొనక తప్పకపోతే రెండు వారాలు వేరే గంప, వేరే నీళ్ళ చిప్ప, ఆ తర్వాతే మందలోకి.

టీకా లేకుండా మాత్రం ఇదంతా వృథా. పిల్లకు వారం రోజుల్లోపు లసోటా ఒక చుక్క కంట్లో, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది. ఇబ్బంది ఏమిటంటే సీసాలో వంద డోసులు ఉంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. మన ఏ ఇంట్లోనూ వంద కోళ్ళు లేవు. అందుకే వీధంతా కలిసి వేయించుకోవాలి. మా ఊళ్ళో వచ్చే నెల మొదటి ఆదివారం పెట్టుకున్నాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ రావచ్చు. కోళ్ళను ముందురోజు రాత్రే గంపల్లో మూసిపెట్టుకుని, తెల్లవారి ఆరింటికల్లా రామాలయం దగ్గరికి తెండి. గంప మీద పెట్టడానికి రాయి కూడా తెచ్చుకోండి, అక్కడా కుక్కలుంటాయి.