పాకాల దారుల్లో పసిబిడ్డ బండి

చంటిబిడ్డకు స్ట్రోలర్ కొనాలనుకుంటే ముందు మన దారులను తలుచుకోండి. పాకాల జంక్షన్‌లో తిరుపతి, కాట్పాడి, ధర్మవరం రైలు దారులు కలుస్తాయి. చంకన బిడ్డ, భుజాన సంచితో రైలెక్కే తల్లి ఆ బండిని ఒంటిచేత్తో మడవగలగాలి. బ్రిటన్‌లో విమానాల ఇంజనీరు ఓవెన్ మాక్లారెన్ 1965లో గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండిని రూపొందించాడు. బరువు మూడు కిలోల లోపే!

అయితే కూర్చోబెట్టే తేలిక బండి పురిటిబిడ్డకు పనికిరాదు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. మెడ నిలవని బిడ్డ తల ముందుకు వాలిందంటే, గడ్డం రొమ్ముకు ఆనుకుని ఊపిరి ఆడదు. సుమారు ఆరు నెలలు నిండేదాకా వెల్లకిలా పడుకోబెట్టే బండే కావాలి. భుజాలు, నడుము, కాళ్ల మధ్య కలిపి ఐదు చోట్ల పట్టే బెల్టు ఉండాలి.

చక్రాలూ చూడండి. కంకర తేలిన వీధిలో చిన్న చక్రం రాయికి తగిలి టక్కున ఆగుతుంది, బిడ్డ ఉలిక్కిపడుతుంది. పెద్ద చక్రమైతే దాటేస్తుంది. అంగట్లోనే బ్రేకు వేసి, తోసి చూడండి.

ఎండ తగులుతోందని బండి మీద తువ్వాలు కప్పకండమ్మా. గాలి ఆడక లోపల ఉడికిపోతుంది. పైకప్పు లాగి, నీడపట్టున నడవండి.