రైలు మీద రాయి



నెల్లికుదురు నుంచి ఆస్పత్రికనో చదువుకనో హైదరాబాద్ వెళ్లే మనవాళ్లు కేసముద్రంలోనో మహబూబాబాద్‌లోనో రైలెక్కుతారు. ఈ మార్గంలోనే 2023 జనవరిలో సికింద్రాబాద్-విశాఖపట్నం వందేభారత్ మొదలైంది. కొద్దిరోజులకే దాని మీద రాళ్లు పడ్డాయి. ఇలాంటి ఘటనల్లో 6 నుంచి 17 ఏళ్ల పిల్లలు కూడా ఉన్నట్టు దక్షిణ మధ్య రైల్వే తెలిపింది. పిల్లలకది ఆట, కిటికీ పక్కన కూర్చున్నవారికి కన్ను పోవచ్చు. పెద్దలు చేస్తే రైల్వే చట్టం 153వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు.

దారికి అడ్డుగా ఉన్న రాయిని తీసి పక్కన పెట్టడమూ సదఖాయేనని విని పెరిగినవాళ్లం మనం. మీ విరాళాలతో పిల్లలను చదివిస్తున్నాం. రాయి విసరకూడదన్న ఈ ఒక్క మాటకు మాత్రం రూపాయి ఖర్చు లేదు. ఇంట్లో, బడిలో, మదర్సాలో అందరం చెబుదాం.