గాలాలమ్మే పెద్ద షాపులు ఎందుకు మునుగుతున్నయ్? సిడ్నీ నుంచి నకిరేకల్ దాకా ఒక లెక్క

వీడియో చూసే టైం లేనోళ్ల కోసం, డేటా అయిపోయినోళ్ల కోసం ఈ ఎపిసోడ్‌ల మాట్లాడింది మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నం. బస్సుల కూసొని చదువుకోండి.

ఈ వారం టాపిక్ ఒక తమ్ముడు పంపిన మెసేజ్ నుంచి వచ్చింది. తమ్ముడిది నకిరేకల్ పక్కన ఊరు. ఏం రాసిండంటే, "అన్నా, ఈ మధ్య యూట్యూబ్‌ల, ఇన్‌స్టాల ఎక్కడ చూసినా ఫిషింగ్ వీడియోలే. రాడ్, రీల్ పట్టుకొని చేపలు పడుతున్నరు, టెంట్ వేసుకొని క్యాంపింగ్ చేస్తున్నరు. మన హైవే మీద మంచి షోరూమ్ లెక్క ఒక షాప్ పెడదామనుకుంటున్న. 15 లక్షల లోన్ కావాలె. నాయిన పొలం కాగితాలు బ్యాంకుల పెడతనంటున్నడు. పెట్టొచ్చా?"

పెట్టొచ్చా, వద్దా అని ఒక్క మాటల చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కానీ అవతల ఉన్నది ఒక ఇంటి పొలం. అందుకే ఇదే వ్యాపారంల ప్రపంచంల అందరికంటే పెద్దగా ఎదిగినోళ్లకు ఏమైందో ముందు చూద్దాం. నకిరేకల్‌కు తర్వాత వస్త.

వంటింటి టేబుల్ మీద మొదలైన కథ

అమెరికాల నెబ్రాస్కా అనే రాష్ట్రం ఉంది. మన నల్గొండ లెక్కనే వ్యవసాయం మీద బతికే ప్రాంతం. 1961ల అక్కడ చాపెల్ అనే చిన్న ఊర్ల డిక్ కబేలా అని ఒకాయన ఉండె. వాళ్ల నాయనకు ఫర్నిచర్ షాప్. షాప్ పని మీద షికాగో పోయినప్పుడు 45 డాలర్లు పెట్టి చేపలు పట్టే ఎరలు కొనుక్కొచ్చిండు. మన దగ్గర లెక్క ఎర్రలు కావు. దారం, ఈకలు కట్టి ఈగ లెక్క కనిపించేటట్టు చేస్తరు, వాటిని ఫ్లైస్ అంటరు.

పేపర్ల యాడ్ ఇచ్చిండు, డాలర్‌కు డజను అని. వచ్చింది ఒక్కటే ఆర్డర్. అప్పుడు యాడ్ మార్చిండు. 5 ఫ్లైస్ ఫ్రీ, పోస్టేజీకి 25 సెంట్లు పంపితే చాలన్నడు. ఆర్డర్లు వరుసగ వచ్చినయ్. వంటింటి టేబుల్ మీద కూసొని భార్య మేరీ, ఆయన కలిసి ప్యాక్ చేసేటోళ్లు. ప్రతి పార్శిల్‌ల ఇంకో నాలుగు సామాన్ల లిస్టు పెట్టేటోళ్లు. ఆ లిస్టే కాటలాగ్ అయింది, ఆ కాటలాగే కబేలాస్ అనే కంపెనీ అయింది. హెడ్డాఫీస్ సిడ్నీల పెట్టిన్రు. ఆస్ట్రేలియా సిడ్నీ కాదు, నెబ్రాస్కా సిడ్నీ. జనాభా 7 వేలు కూడా లేని హైవే ఊరు.

ఇంకో దిక్కు మిస్సోరి రాష్ట్రంల స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. 1972ల జానీ మోరిస్ అనే పోరగాడు వాళ్ల నాయన లిక్కర్ షాప్ వెనక చిన్న మూలల గాలాలు, ఎరలు అమ్ముడు మొదలుపెట్టిండు. మన భాషల చెప్పాలంటే వైన్స్ షాప్‌ల ఒక అర. అదే బాస్ ప్రో షాప్స్.

ఇద్దరూ పైసా పైసా చూసుకొని మొదలుపెట్టినోళ్లే. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్ల పనికొస్తది.

షాపా, జూ పార్కా?

తర్వాత ఏమైందంటే, కాటలాగ్‌ల పేరొచ్చినంక పెద్ద పెద్ద షాపులు కట్టుడు మొదలైంది. లోపల గుట్ట లెక్క కట్టి దాని మీద చచ్చిన జింకలు, ఎలుగుబంట్ల చర్మాలు నింపి నిలబెడతరు. బతికున్న చేపలతోటి పేద్ద అక్వేరియం ఉంటది. 2015ల బాస్ ప్రో మెంఫిస్ నగరంల ఒక పిరమిడ్‌నే షాప్ చేసింది. 32 అంతస్తుల ఎత్తు. లోపల కృత్రిమ చెరువు, చెట్లు, హోటల్ కూడా ఉన్నయ్. జనం పిల్లల్ని తీసుకొని టూరిస్ట్ ప్లేస్‌కు పోయినట్టు పోతరు.

చూస్తే గమ్మత్తు అనిపిస్తది. కానీ ఒకసారి ఆలోచించండి. అక్వేరియం చూడనీకె వచ్చినోడు ఫోటో దిగి, ఐస్‌క్రీం తిని, ఇంటికి పోయి అదే రాడ్ ఫోన్‌ల ఆర్డర్ పెడితే? కరెంట్ బిల్లు, జీతాలు, అంత పెద్ద బిల్డింగ్ ఖర్చు మాత్రం షాపోనికే మిగులుతది.

ఇప్పుడు వరుసగ చూడండి. 2016ల స్పోర్ట్స్ అథారిటీ దివాలా తీసింది. 460కి పైగా షాపులుండె, నెత్తి మీద 100 కోట్ల డాలర్లకు మించి అప్పుండె. ఒక్క షాప్ కూడా మిగల్లే. 2017 మార్చిల గాండర్ మౌంటెన్ దివాలా. దానికి 160 దాకా షాపులు. అదే ఏడు సెప్టెంబర్‌ల కబేలాస్‌ను బాస్ ప్రో దాదాపు 500 కోట్ల డాలర్లకు కొనేసింది.

ఆర్‌ఈఐ అని ఇంకొకటి ఉంది, 1938ల సియాటెల్ దగ్గర కొండలెక్కే దోస్తులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం. కరోనా టైంల బయట తిరుగుడు తప్ప ఇంకో టైంపాస్ లేక జనం టెంట్లు, బూట్లు ఎగబడి కొన్నరు. ఆ ఊపు దిగినంక 2023ల 31 కోట్ల డాలర్ల నష్టం, 2024ల 15 కోట్లకు పైగా నష్టం. 1856 నుంచి ఉన్న ఆర్విస్ కంపెనీ, ఫ్లైలతోటి చేపలు పట్టేటోళ్లకు గుడి లెక్క. అది 2024ల పేపర్ కాటలాగ్ ఆపేస్తున్నమన్నది, 2025ల ముప్పైకి పైగా షాపులు మూస్తున్నమని చెప్పింది.

ఎందుకు ఇట్లయితుంది?

నేను బీటెక్ చేసి కోడ్ రాసుకుంట కొన్నేండ్లు బతికినోణ్ణి. మాకు ఒక అలవాటుంటది. సిస్టమ్ పడిపోతే ఎర్రర్ మెసేజ్ చూసి ఆగం, రూట్ కాజ్ ఏందని వెతుకుతం. నాకు మూడు కనిపించినయ్.

మొదటిది, ఈ సామాను తొందరగా పాడు కాదు. పాల ప్యాకెట్ రోజూ కొంటం. టెంట్ ఒకసారి కొంటే పదేండ్లు అటక మీద ఉంటది. రాడ్ కూడా అంతే. కరోనా టైంల అందరూ ఒకేసారి కొన్నరంటే, వచ్చే నాలుగైదేండ్ల గిరాకీ ముందే తినేసినట్టు. కంపెనీలు మాత్రం ఆ గిరాకీ ఎప్పటికీ ఉంటదనుకొని స్టాక్ నింపుకున్నయ్.

రెండోది, వేరేటోళ్ల బ్రాండ్లు అమ్ముడు. అదే రీల్ అమెజాన్‌ల ఉంది, వాల్‌మార్ట్‌ల ఉంది. నీ దగ్గరికే ఎందుకు రావాలె? నీ దగ్గర తెలిసిన మనిషి ఉంటే వస్తరు. ఏ చెరువుల ఏ చేపకు ఏ ఎర వాడాలె అని చెప్పేటోడు. ఖర్చు తగ్గిద్దామని ముందు తీసేసేది ఆ మనిషినే.

మూడోది, అప్పు. సామాను సీజన్‌ల అమ్ముడుపోతది, వడ్డీ మాత్రం పన్నెండు నెలలూ నడుస్తది. చలికాలం చెరువు గడ్డకట్టినా వడ్డీ గడ్డకట్టదు.

సిడ్నీకి ఏమైంది?

కబేలాస్ కథల ఇంకో ముచ్చటుంది. ఆ కంపెనీ దివాలా తియ్యలే. నడుస్తనే ఉండె, లాభాలు కూడా ఉండె. కానీ 2004ల షేర్ మార్కెట్‌కు పోయింది. 2015ల ఇలియట్ మేనేజ్‌మెంట్ అనే పెద్ద ఫండ్ 11 శాతం వాటా కొని, కంపెనీని అమ్మడం లాంటి దారులు చూడమని ఒత్తిడి పెట్టింది. ఏడాది తిరగకముందే, 2016 అక్టోబర్‌ల, అమ్మకం డీల్ అనౌన్స్ చేసిన్రు.

కొన్న బాస్ ప్రోకు హెడ్డాఫీస్ ముందే ఉంది, స్ప్రింగ్‌ఫీల్డ్‌ల. ఒక కంపెనీకి రెండు హెడ్డాఫీసులు ఎందుకు? సిడ్నీల సుమారు 2,000 ఉద్యోగాలుండె, అండ్ల ఎక్కువ భాగం పోయినయ్. 7 వేల మంది కూడా లేని ఊర్ల 2 వేల కొలువులు. అంటే ఇంచుమించు ప్రతి ఇంటికి ఒకటి. జనం వేరే ఊర్లకు పోయిన్రు, ఇండ్లు అమ్మకానికి పెట్టిన్రు. కొందరు మాత్రం అక్కడనే ఉండి, వాళ్లకు తెలిసిన ఆ పనితోటే చిన్న చిన్న ఔట్‌డోర్ కంపెనీలు పెట్టుకున్నరు.

అది ఇంటర్‌స్టేట్ 80 అనే హైవే మీద ఊరు. మనది 65వ నంబర్ జాతీయ రహదారి మీద ఊరు. హైవే మీద ఉన్నంత మాత్రాన ఊరు నిలబడదు. బండ్లు ఆగాలె, ఆగినోళ్లు కొనాలె, ఆ పైసలు ఊర్ల తిరగాలె.

మరి డెకాథ్లాన్ ఎట్ల నడుస్తుంది?

ఈ ప్రశ్న కామెంట్లల్ల తప్పకుండ వస్తది. హైదరాబాద్ పోయినోళ్లందరికీ తెలిసిన షాపే గదా. ఫ్రాన్స్ కంపెనీ, 1976ల లీల్ నగరం దగ్గర మొదలైంది. మన దేశానికి 2009ల వచ్చింది. 2023–24ల ఇండియాల దాని అమ్మకం 4,000 కోట్ల రూపాయల చుట్టూ ఉంది, లాభంల ఉంది.

వాళ్ల కిటుకు ఏందంటే, అమ్మేది చాలా వరకు వాళ్ల సొంత బ్రాండే. టెంట్ క్వెచువా, గాలం సామాన్లు క్యాపర్లాన్, రెండూ వాళ్లవే. డిజైన్ వాళ్లదే, రేటు వాళ్లదే. ఇంకోటి, అది ఒక్క ఆట మీద బతకదు. చేపల గాలం పోకపోతే బూట్లు పోతయ్, బూట్లు పోకపోతే స్విమ్మింగ్ అద్దాలు పోతయ్. కానీ వాళ్లకు కూడా అంత ఈజీ లేదు. 2022–23ల కూడా అమ్మకం దగ్గర దగ్గర అంతే ఉండె, ఆ ఏడు నష్టం వచ్చింది. ఏడాదిల పెరిగింది ఒకటి రెండు శాతమే. అంత పెద్దోళ్లకే గిరాకీ పెంచుకునుడు కష్టమైతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం

మన దిక్కు నీళ్లు లేవా? ఉన్నయ్. కేతేపల్లి దిక్కు పోతే మూసీ ప్రాజెక్టు, నల్గొండ పక్కన పానగల్ ఉదయ సముద్రం, అటు పోతే నాగార్జునసాగర్. ఊరూరికి చెరువుంది. చేపలు తినేటోళ్లకూ తక్కువ లేదు. మృగశిర కార్తె రోజు మార్కెట్‌ల నిలబడి చూడండి, కొర్రమట్ట రేటు వింటే కండ్లు తిరుగుతయ్.

కానీ చేపలు తినుడు వేరు, సరదాకు పట్టుడు వేరు. అమెరికాల సరదాకు చేపలు పట్టేటోడు ప్రభుత్వం దగ్గర లైసెన్స్ కొంటడు. అక్కడ 1950ల ఒక చట్టం తెచ్చిన్రు. రాడ్లు, రీళ్ల మీద ఒక పన్ను, ఆ పైసలు మళ్ల చెరువులకు, చేపలు పెంచుటానికే పోతయ్. అంటే అక్కడ డెబ్బై ఏండ్ల నుంచి ఆ సరదా చుట్టూ ఒక వ్యవస్థ కట్టుకుంట వచ్చిన్రు. ఆ వ్యవస్థ మీద నిలబడ్డ షాపులే ఇయాల ఊగుతున్నయ్.

మన దగ్గర చెరువుల చేప మత్స్య సహకార సంఘం వాళ్లది. ముదిరాజులు, గంగపుత్రులు, తరాల నుంచి అదే పని మీద బతుకుతున్నరు. 2016–17 నుంచి ప్రభుత్వం చేప పిల్లలు ఫ్రీగ వదులుతున్నది కూడా వాళ్ల కోసమే. నువ్వు రంగు రంగుల రాడ్ పట్టుకొని కట్ట మీద కూసుంటే సంఘపోళ్లు వచ్చి "ఎవల్ని అడిగి పడుతున్నవ్ బిడ్డా?" అంటరు. అనుడు న్యాయమే, అది వాళ్ల తిండి. మిగిలిన పోరగాండ్లు కాలువల కట్టెకు తంగూసు కట్టి, బెండు పెట్టి, ఎర్రలు గుచ్చి పడతరు. మొత్తం ఖర్చు యాభై రూపాయలు.

ఇప్పుడు లెక్క. ఫోన్‌ల కాలిక్యులేటర్ తియ్యండి. ఇవి నేను ఉదాహరణకు వేస్తున్న అంకెలు, మీ ఊరి రేట్లు పెట్టుకొని మీరు మార్చుకోండి. లోన్ 15 లక్షలు, వడ్డీ 12 శాతం అనుకుందాం. నెలకు 15,000 వడ్డీకే పోతది, అసలు ఇంక ముట్టుకోలే. హైవే మీద కిరాయి 20,000. ఒక పిలగాని జీతం 12,000. కరెంటు, చిల్లర 5,000. మొత్తం 52,000.

సామాను మీద 25 శాతం మిగులుతదనుకుంటే, ఈ 52,000 రావాలంటే నెలకు 2,08,000 అమ్మాలె. రాడ్, రీల్ సెట్ 2,000 అనుకుంటే నెలకు 104 సెట్లు. రోజుకు మూడు నాలుగు. ఇంతా చేస్తే నీ జీతం సున్నా. నాయిన పొలం దిక్కు ఒక్క రూపాయి అసలు కట్టలే. ఒకసారి కొన్నోడు మళ్ల ఏండ్ల దాకా రాడు, అంటే ప్రతి నెల వంద మంది కొత్తోళ్లు కావాలె. చూసేటోళ్లు లక్షల మంది ఉండొచ్చు తమ్ముడూ. వ్యూస్ వేరు, గిరాకీ వేరు. ఇది యూట్యూబ్ మీదనే బతికే నేను చెప్తున్న.

అయితే ఏం చెయ్యాలె?

షాప్ వద్దని నేను అంటలేను. షోరూమ్ వద్దు అంటున్న. చేపలు పట్టి బతికేటోడు ఏం కొంటడో ముందు చూడు. వల చిరుగుతది, తాడు తెగుతది, సామాను నీళ్లల్ల పోతది. మళ్ల మళ్ల కొనాలె. వలలు, తాళ్లు, బెండ్లు, చేపల ట్రేలు, ఐసు డబ్బాలు, లైఫ్ జాకెట్లు. చెరువుల పడి పోయినోళ్ల వార్తలు మనం చదువుతనే ఉంటం గదా, లైఫ్ జాకెట్ కోసమన్నా ఒక షాప్ ఉండాలె.

ముందు చుట్టుపక్కల పది ఊర్ల సంఘాల దగ్గరికి పో. వలలు ఎక్కడ కొంటున్నరు, ఎన్ని నెలలకొకసారి కొంటున్నరు, ఉద్దెర ఎంత పెడుతున్నరు, నోట్‌బుక్‌ల రాసుకో. వల కుట్టొచ్చిన పెద్దమనిషి ఒకాయన్ని షాప్‌ల కూసోబెట్టుకో. ఆయన దగ్గర రిపేర్ కోసం వచ్చినోడు ఏదో ఒకటి కొనుక్కొనే పోతడు. అమెరికా షాపులు పోగొట్టుకున్నది అసొంటి మనిషినే. రాడ్లు, టెంట్లు కావాలంటే నాలుగు తెచ్చి కిరాయికి ఇయ్యి. సాగర్‌కు పోయే పోరగాండ్లు రెండు రోజులకు తీసుకుంటరు. కొనేటోడు నెలకు ఒక్కడు దొరికినా, కిరాయికి తీసుకునేటోడు వారానికి ఒకడు దొరుకుతడు.

ఇదంతా రెండు లక్షలల్ల, మీ ఊరి సందుల ఒక మడిగెల మొదలు పెట్టొచ్చు. నడిస్తే పెంచు. నడవకపోతే రెండు లక్షలు పోతయ్, పొలం మిగులుతది. కబేలా 45 డాలర్ల సామానుతోటి మొదలుపెట్టి మొదటి యాడ్ ఫెయిలైనా నిలబడ్డడంటే కారణం అదే. పోయినా బతుకు పోనంత చిన్నగ పెట్టుకున్నడు.

తమ్ముడూ, ఇది చదువుతుంటే మీ నాయనకు కూడా చదివి వినిపించు. కాగితాలు బ్యాంకుకు పోకముందే ఆ పది ఊర్లు తిరుగు. నీ నోట్‌బుక్‌ల లెక్కలు నాకు పంపితే, పేరు చెప్పకుండ ఇంకో ఎపిసోడ్‌ల అందరం కలిసి చూద్దాం. మీలో వలలు, చేపల వ్యాపారం చేసేటోళ్లుంటే మీ అనుభవం కామెంట్ల రాయండి, నేను వేసిన అంకెలు మీ దగ్గర ఎట్లున్నయో చెప్పండి. మళ్ల వచ్చే వారం కలుద్దాం. ఉంట మరి, నమస్తే.