తాడు పట్టుకున్నవాళ్లు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఆటలు నేర్పే సారు పిల్లలకు ఆట కాక ఇంకేం నేర్పగలడో మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును, ఆటగాణ్ణి కాను. కబడ్డీకి జట్లు కట్టేటప్పుడు నన్ను ఆఖరికి తీసుకునేవాళ్లు, అదీ వేరే ఎవరూ మిగలకపోతేనే! అందుకని మన పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి గుట్ట సంగతి చెబుతాను.

కోట ఉన్న ఆ ఏకశిల మీదే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు రాళ్లెక్కడం నేర్చుకున్నారు. అప్పుడు గురుకులాల కార్యదర్శి మన అలంపూర్‌లో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ గారు. కోచ్, 2007లో తానే ఎవరెస్టు ఎక్కి వచ్చిన శేఖర్ బాబు గారు. ఆ పిల్లల్లో మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్‌లో 16 ఏళ్లు నిండనివాళ్లకు అనుమతి ఇవ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అంతకు ముందు నెల, ఏప్రిల్ 18న, నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు.

అంత చిన్న పిల్లను అక్కడికి పంపొచ్చా అని అడిగినవాళ్లున్నారు. ఆడపిల్ల తండ్రిగా నాకూ ఆ ప్రశ్న ఉంది. నా మటుకు జవాబు ఒక్కచోటే దొరికింది: "సార్, నావల్ల కాదు, దిగిపోతా" అని ఆ పిల్ల భయం లేకుండా అనగలిగేటట్టు పెంచారా లేదా?

రాయి ఎక్కేటప్పుడు ఒకరు పైకి పోతుంటే ఇంకొకరు కింద తాడు పట్టుకుంటారు. బయలుదేరేముందు ఒకరి ముడి ఒకరు చూడాలి. కింద ఉన్న పిల్ల చేతిలో పైనున్న స్నేహితురాలి ప్రాణం ఉంటుంది. "ముడి సరిగ్గా లేదు, ఆగు" అన్న పిల్లను కోచ్ మెచ్చుకున్నాడా, ఆలస్యం చేశావని కసిరాడా, అక్కడే అంతా తేలిపోతుంది. ముప్పై ఏళ్లుగా సైట్ల మీద చూస్తున్నాను. సెంట్రింగ్ కదులుతోందని చెప్పిన మేస్త్రీని ఒకసారి తిడితే, రెండోసారి అతను నోరు తెరవడు. స్లాబ్ పడుతుంది.

మరో సంగతి. భువనగిరిలో శిక్షణకు వచ్చింది ఇద్దరే కాదు, చాలామంది. అందులో కొందరిని డార్జిలింగ్ పంపారు, చివరికి శిఖరానికి ఇద్దరు. మిగతా పిల్లలు బడికి తిరిగొచ్చారు. పూర్ణ పేరు మనందరికీ తెలుసు, 2017లో సినిమా కూడా వచ్చింది. కానీ ఎంపిక కాని పిల్లతో ఆ సాయంత్రం కోచ్ ఏం మాట్లాడాలన్నది నాకు ఎవరెస్టు కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. షీల్డు గెలిచిన పిల్లాడిని చూసుకోవడానికి ఊరంతా ఉంటుంది.

మన బడిలోనూ అంతే. దీపావళి దాటగానే తల్లిదండ్రులు పనికోసం ముంబై, పుణె పోతే వెంట పిల్లలూ పోవడం పాలమూరు వాళ్లకు కొత్త కాదు. క్లాసులో హాజరు పిలిస్తే పక్కవాడు పలుకుతాడు, ఖోఖోలో మాత్రం తొమ్మిదో మనిషి లేకపోతే ఆట మొదలే కాదు. ఎవరు రాలేదో ముందు తెలిసేది పీఈటీ సారుకే. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయి "అమ్మా, పిల్లను హాస్టల్లో ఉంచి పోండి, మేం చూసుకుంటాం" అంటే ఆ తల్లి వింటుంది. పదో తరగతి కాగానే పెళ్లి అనుకునే ఇళ్లల్లోనూ ఆయన మాటకు విలువుంది. ఎందుకంటే ఆ పిల్ల పరుగెత్తడం చూసింది ఆయనే.

సంఘం తరఫున కప్పులు, గ్యాలరీ అన్నారు, సంతోషం. నాదొక మనవి. అందులోంచి కొంత తీసి, పీఈటీ సారు ఇళ్లకు తిరగడానికి బండి పెట్రోలు, ఆపదలో ఉన్న పిల్లలకు హాస్టల్ ఖర్చు పెడదాం. జట్టులోకి రాని పిల్లల పేర్లు కూడా ఆయన రిజిస్టర్‌లో ఉండాలి. మొదటి ఏడాది మా బ్యాచ్ భరిస్తుంది. మిగతా బ్యాచ్‌ల వాళ్లు భోజనాలయ్యాక స్టాఫ్ రూంకు రండి, పీఈటీ సారు అక్కడే ఉంటారు.