పింగాణీ జల్లెడ, కృత్రిమ మేధ, మన గేదె పాలు

(తెల్లాపూర్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకప్పుడు తెల్లాపూర్ చుట్టూ పొలాలుండేవి. ఇప్పుడు కంప్యూటరు ఉద్యోగులుండే మేడలు లేచాయి. వారికి మన పాలు కావాలి. వారి విద్య మన పాలకు పనికివస్తుందా? వడపోత ఒక్కటి తీసుకుని చెబుతాను.

మనం పాలను గుడ్డలో వడకడతాం. గడ్డిపరక, వెంట్రుక ఆగుతాయి, క్రిములు ఆగవు. అవి ఇంచుమించు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉంటాయి. వాటిని ఆపడానికి అల్యూమినా, జిర్కోనియా వంటి ఖనిజ పొడులను కాల్చి చేసిన గొట్టాలున్నాయి. మన పింగాణీకి ఇవి దాయాదులు. 1980 దశకంలో ఆల్ఫా లావాల్ సంస్థ 1.4 మైక్రాన్ల రంధ్రాలున్న ఇటువంటి గొట్టాలతో పాలలోని క్రిములను వేరుచేసే పద్ధతి తెచ్చింది. వెన్న గోళాలు పెద్దవి గనుక ముందు మీగడ తీయాలి. కేసీన్ రేణువులు సన్నవి గనుక దిగిపోతాయి. క్రిములు చాలావరకు ఆగుతాయి.

ఈ గొట్టాలు కాస్టిక్ సోడాకు, ఆమ్లానికి, వేడికి తట్టుకుంటాయి. చిక్కులు రెండు: ఖరీదు ఎక్కువ; మాంసకృత్తులు, కాల్షియం లవణాలు పేరుకుని రంధ్రాలు పూడుకుపోతాయి.

మెరుగైన పొర చేయడం కుమ్మరి ఆవము వంటి పని. పొడి ఎంత సన్నం, పూత ఎంత మందం, ఎంత వేడి, ఎంతసేపు అన్నవన్నీ కుదరాలి. వేడి చాలకపోతే గట్టిదనం రాదు; మించితే రంధ్రాల తీరు మారిపోతుంది. ఒక్కొక్క ప్రయత్నానికి రోజులు పడతాయి. పాత ప్రయోగాల లెక్కలు నేర్పితే, తరువాత ఏది కాల్చి చూడాలో కృత్రిమ మేధ సూచిస్తుంది. వచ్చిన ఫలితాన్ని మళ్లీ దానికి నేర్పుతారు. అలా ప్రయత్నాలు తగ్గుతాయి. 2023లో గూగుల్ డీప్‌మైండ్ వారు ఇటువంటి విద్యతో 22 లక్షల కొత్త స్ఫటిక నిర్మాణాలను అంచనా కట్టారు. అయితే కంప్యూటరులోని స్ఫటికం వేరు, రోజూ కడిగినా నిలిచే గొట్టం వేరు. కొలిమిలో కాల్చి, పాలు పోసి చూడవలసిందే.

ఆ కొలిమి మనకు దూరం కాదు. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ సంస్థ తాగునీటికి వెండి సూక్ష్మకణాలు పూసిన పింగాణీ క్యాండిల్‌ను రూపొందించింది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ 1998 నుంచి ఉంది. కొలిమి విద్య, కంప్యూటరు విద్య ఒకే నగరంలో ఉన్నాయి. కావలసింది పాల లెక్క.

అక్కడే మన పాత్ర. పాశ్చాత్య దేశాల ప్రయోగాలు ఎక్కువగా ఆవు పాలవి. గేదె పాలలో వెన్న, కేసీన్, కాల్షియం ఎక్కువ. పొర పూడుకునే తీరూ వేరుగా ఉంటుంది. ఆవు పాలే నేర్చిన కంప్యూటరు గేదె పాలకు సరైన సలహా ఇవ్వలేదు. మన కేంద్రంలో వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., ఆమ్లత్వం, పాలు చేరిన వేళ నిజాయితీగా వ్రాసిన రిజిస్టరే దానికి పాఠ్యపుస్తకం. తప్పుడు అంకె వ్రాస్తే తప్పుడు పాఠమే నేర్చుకుంటుంది.

మరొక్క మాట. పాలలో కరిగిన ఆమ్లం, పశువుకిచ్చిన మందుల శేషం, బూజు పట్టిన దాణా విషం 1.4 మైక్రాన్ల రంధ్రంలోంచి సులువుగా దిగిపోతాయి. విరగబోయే పాలను ఏ జల్లెడా మంచి పాలుగా మార్చలేదు. కనుక పొదుగు కడగండి, క్యాన్లు ఎండబెట్టండి, మందు వేసిన పశువు పాలను డాక్టరు చెప్పినన్నాళ్లు వేరుగా ఉంచండి, పితికిన పాలను వెంటనే కేంద్రానికి చేర్చండి. పింగాణీ జల్లెడ రేపు వచ్చినా, మొదటి జల్లెడ మన చేతులే.