తడి లేని పీక పలుకదు



తెల్లవారుజామున స్వామివారి మేల్కొలుపు వేళ నాదస్వరము మ్రోగుచుండగా మనమందరము చేతులు జోడించి నిలుచుచున్నాము. ఆ నాదము ఎక్కడ పుట్టుచున్నదో ఎన్నడైనను ఆలోచించితిమా? పొడవైన కొయ్యగొట్టములో కాదు. విద్వాంసుని పెదవుల నడుమనున్న చిన్న పీకలో. ఆ పీక నీటియొడ్డున బురదలో పెరిగిన, రెల్లును పోలిన గడ్డికాడ. మన భాషలో కంఠమునకును పీక యనియే పేరు. గడ్డికాడ స్వామి సన్నిధిలో కంఠమైనది!

ఇట్టి నీటిగడ్డులలో కిక్కస కొల్లేటివారికి సుపరిచితము. దాని కాడ లోపల బోలు. ఆ బోలుగుండ గాలి దిగి, ఊపిరాడని బురదలోని వేళ్ళకు ప్రాణమిచ్చును. ఆ పొదలు నీటిలోని మాలిన్యమును పట్టి నిలుపును. పక్షుల గూళ్ళకు చోటిచ్చును. తనలో ఏమియు దాచుకొననిదే ఇతరులకు ఆధారమగుచున్నది.

తమిళనాట ఈ పీకను సీవాళి అందురు. కావేరీ తీరమందలి తిరువావడుదురై దీని తయారీకి ప్రసిద్ధి. కాడను కోసి, ఎండబెట్టి, ఉడికించి, నొక్కి చదును చేసి, అంచును సన్నగా చెక్కి, దారముతో చిన్న లోహనాళమునకు బిగింతురు. దాని రెండు పెదవులు మరీ బిగిసినచో గాలి పోదు. మరీ విచ్చినచో స్వరము నిలువదు. ఇన్ని సంస్కారములు పొందియు, వాయించుటకు ముందు నోట తడుపనిచో పలుకదు. నీటిలో పుట్టినది, నీటినే కోరును.

నేటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా గారు శ్రీరంగమున స్థిరపడి, 1999లో కన్నుమూయువరకు నాదస్వరమునే ఉపాసించిరి. ఊపిరి ఎవరిదని పీక అడుగదు. తడి యున్నదా యని మాత్రమే అడుగును.

నేడు అనేక ఆలయములలో హారతి వేళ విద్యుద్యంత్రము గంటను, డోలును మ్రోగించుచున్నది. దానికి తడి అక్కరలేదు, ఊపిరి అక్కరలేదు. అది యంత్రదోషము కాదు, మన దోషమే. మేళము వాయించుచుండగా మనము మాటలలో మునిగియుందుము. సంభావన వేళ బేరమాడుదుము. ఎండినది పీక కాదు, మన హృదయము.

కనుక ఏటికొక్క ఉత్సవమునకైనను మేళమును గౌరవముతో పిలిచి, మౌనముగా కూర్చుండి విందము. చెరువుగట్టున మిగిలిన రెల్లుపొదకు నిప్పు పెట్టకుందము. అహంకారము తొలగి మనసు బోలు కావలెను, భక్తితో తడియవలెను. ఆపై ఊదువాడు ఆ స్వామియే.

శుభమస్తు.