పండుగ సెలవులు – వంటింటి బడి



తపతీ నదికి పశ్చిమ తీరమున, సూరతు పాత నగరమునకు ఆవలి యొడ్డున, అడాజన్ అను పేట కలదు. బదిలీపై వచ్చిన యొక కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబము అచ్చట దీపావళి సెలవులు గడపిన తీరు నేటి ప్రసంగ విషయము.

గుజరాతు పాఠశాలలకు దీపావళికి దాదాపు 21 దినములు సెలవు. కార్తిక శుద్ధ పాడ్యమి గుజరాతీయులకు సంవత్సరాది. ఆనాడు ఇరుగుపొరుగువారు ఒకరి యింటికొకరు పోయి "సాల్ ముబారక్" అని పలుకరింతురు. వచ్చినవారి ముందు తినుబండారముల పళ్లెము నుంచుట మర్యాద.

ఆ యింట పిల్లలిద్దరు. బాలికకు 13 ఏండ్లు, బాలునకు 9 ఏండ్లు. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమునను బడులు నడుపుచున్నది. తెలంగాణమునుండి వలస వచ్చిన నేతపనివారి బిడ్డలు వానిలో చదువుకొనుచున్నారు. కాని రేపెచ్చటికి బదిలీ యగునో తెలియని యుద్యోగి తన పిల్లలను ఇంగ్లీషు బడికే పంపెను. వారికి తెలుగు చెవికి తెలియును, కంటికి తెలియదు, నోటికి సగమే తెలియును.

ఆ యేడు నాయనమ్మ విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, డబ్బానిండ కజ్జికాయలతో వచ్చినది. మూత తీయగానే బాలుడు "ఘూఘ్రా!" అని నవ్వెను. గుజరాతీయులు కజ్జికాయవంటి పిండివంటకు పెట్టుకొన్న పేరది. వృద్ధురాలు అది వెక్కిరింత యనుకొని మూత పెట్టివేసెను. ఆ రాత్రి కుమారునితో, "నా మనవడితో మాట్లాడడానికి నాకు దుబాసీ కావాలిటరా?" అనెను. అతడు బదులు చెప్పలేకపోయెను.

మరునాడు కోడలు నానఖటాయి చేయ సంకల్పించెను. 17వ శతాబ్దమున ఇంగ్లీషువారును, డచ్చివారును వర్తకశాలలు నెలకొల్పిన రేవుపట్టణము సూరతు. డచ్చివారి రొట్టెల బట్టీని తరువాత నడపిన పారసీకులు, దోటివాలా వంశమువారి వలన, నానఖటాయి ప్రసిద్ధికెక్కెనని అచ్చటివారు చెప్పుదురు. దీనిలో గ్రుడ్డు లేదు, పులియబెట్టుట లేదు. మైదా, చక్కెరపొడి, నేయి, కొంచెము సెనగపిండి, ఏలకులపొడి చాలును. ఆ యింట ఓవెను లేదు. ప్రెషరు కుక్కరు రబ్బరును, విజిలును తీసివేసి, అడుగున ఉప్పు పరచి, దానిపై ముక్కాలిపీట వంటి కమ్మీ నుంచి కాల్చిరి.

మొదటి వాయి చదునుగా వ్యాపించి అట్టువలె నాయెను. పిల్లలు నీరసపడిరి. నాయనమ్మ ఓవెను నెరుగదు; కాని అరిసెలపాకము నెరిగిన చేయి ఆమెది. పిండిని వ్రేళ్లతో నొక్కి చూచి, "నెయ్యి కరిగించి పోశావమ్మాయీ. పేరుకున్న నెయ్యి చక్కెరతో కలిపి నురగ వచ్చేదాకా రుద్దాలి," అనెను. "నిజమే అత్తయ్యగారూ," అని కోడలు చోటిచ్చెను. రుద్దుట బాలుని వంతాయెను. "పేరుకున్న" అన నేమని అతడడిగెను. ఆమె నేతిగిన్నె బోర్లించి చూపెను, నేయి జారలేదు. నిఘంటువు చెప్పలేని యర్థమును గిన్నె చెప్పినది. రెండవ వాయి పైన బీటలు వారి, గుండ్రముగా పొంగెను.

రాత్రులు అందరును కూర్చుండి చలనచిత్రములు చూచిరి. వానిలో 1957లో విడుదలయైన 'మాయాబజార్' పిల్లలను మిక్కిలి యాకర్షించెను. కె.వి. రెడ్డి దర్శకత్వము వహించిన యీ విజయావారి చిత్రమున, రాక్షసుల నోట పింగళి నాగేంద్రరావు పలికించిన వింతమాటలు పెక్కు కలవు. మాట తెలియనప్పుడెల్ల బాలుడు చిత్రమును ఆపించెను. మూడు గంటల చిత్రము రెండు రాత్రులు పట్టినది. అది మొదలు నాయనమ్మ దుప్పటి అతనికి "గింబళి" యాయెను. నానఖటాయి చెడకుండ దించినవారికి "వీరతాడు" బహుమానము. ఆమె ఎన్నియో దినముల తరువాత కడుపార నవ్వెను.

పాడ్యమినాడు పొరుగువారు వచ్చిరి. పళ్లెములో నానఖటాయిలును, కజ్జికాయలును ప్రక్కప్రక్కన నుండెను. పొరుగింటి గృహిణి ఒకటి చేతికి తీసుకొని "ఘూఘ్రా!" అనెను. బాలుడు "కాదండీ, కజ్జికాయ," అని తెలుగున పలికి, పిమ్మట గుజరాతీలో తెలియజెప్పెను. నాటి దుబాసీ అతడే.

సెలవులు ముగిసెను, నాయనమ్మ తిరిగి రైలెక్కెను. బాలిక అప్పటికి నేర్చిన అక్షరములతో నానఖటాయి కొలతలను కాగితముపై వ్రాసి ఆమె చేతికిచ్చెను. "నెయ్యి" అను మాటలో యకారపు వత్తు తప్పిపోయినది. రైలులో ఆమె దానిని రెండుమార్లు చదువుకొని, దిద్దక, మడచి ఖాళీ కజ్జికాయల డబ్బాలో దాచుకొనెను.

సభాసదులారా, బదిలీలు తప్పవు. బడులన్నింటను తెలుగు దొరకదు. 21 దినముల సెలవు మాత్రము ప్రతి యింటికిని వచ్చును.